ఏప్రిల్ పన్నెండు పక్కన ప్రశ్నగుర్తు

ఈ ఏడు ఏప్రిల్ పన్నెండున పొద్దున్నే నా ఫోన్ నిండా పుట్టినరోజు శుభాకాంక్షలు. మా ఆరోగ్య కేంద్రం గ్రూపులో కేకు బొమ్మలు, పూలగుత్తులు, చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్య ఎవరో ఒక పొడుగాటి మెసేజ్ పడేశారు. మనిషి మొట్టమొదటిసారి అంతరిక్షంలోకి పోయిన రోజు ఇదేనట. పోలియో టీకా భేషుగ్గా పనిచేస్తుందని లోకానికి చాటిన రోజూ ఇదేనట. పైకి పోయి మళ్ళీ తిరిగొచ్చే అంతరిక్ష విమానం మొదటిసారి ఎగిరిన రోజు కూడా ఇదేనట. కింద "పదిమందికి పంపండి" అని ఉంది. నేనెవరికీ పంపలేదు. ఆ మూడు సంగతులూ నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. అవి నేర్పిన మనిషి పోయి అప్పటికి తొమ్మిది రోజులు. ఇంకో రెండు రోజుల్లో కోరుట్లలో ఆయన దినాలు. పోవాలంటే నాకు మొహం చెల్లడం లేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఏప్రిల్ పన్నెండున పుట్టలేదు. ఆ తారీకు ఆయన రాసిందే.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, ఎక్కడున్నా సరే, "నా పేరు నీకెవలు రాయమన్నరు?" అని అడుగుతారు. పెగడపల్లి మండలంలో మా ఊరి బడికి ఆయనే హెడ్మాస్టరు, ఆయనే సారు, గంట కొట్టేదీ ఆయనే. ఏదైనా మాట చెవిన పడితే చాలు, సూదిలో దారం ఎక్కించేవాళ్ళలా ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆ మాట చెప్పినవాళ్ళను చూసేవారు. చూసి అడిగేవారు: "ఎవలు జెప్పిండ్రు? రెండు జాగల్ల ఉన్నదా?" ఒక్కచోట ఉంటే అది పుకారు. రెండు చోట్ల ఉంటే అనుమానించదగ్గ సంగతి. మూడు చోట్ల ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. అదీ ఆయన పద్ధతి.

నల్లబల్ల కుడివైపు పైమూల ఆయన సొంతం. రోజూ పొద్దున అక్కడ "ఈ రోజు" అని రాసి, దాని కింద ఆ తారీకున సైన్సులో జరిగిన సంగతి రాసేవారు. ఎవరో ఏదో కనిపెట్టడం, ఎక్కడో ఏదో ఎగరడం. రేడియోలో విన్నవి, పోటీపరీక్షల పుస్తకాల్లో చదివినవి, కిరాణా దుకాణం పొట్లాల కాగితాల్లో దొరికినవి. రాసి చివర ఒక ప్రశ్నగుర్తు పెట్టేవారు. అదే తారీకు రెండో జాగలో దొరికే దాకా ఆ గుర్తు చెరగదు. ఆదివారం బస్సెక్కి కోరుట్ల లైబ్రరీకి పోయి సరిచూసుకుని వచ్చేవారు. చంద్రుడి మీద మనిషి దిగిన సంగతికి మా బళ్ళో రెండేళ్ళు ప్రశ్నగుర్తు ఉండింది. ఒక పుస్తకంలో జూలై ఇరవై అనుంది, ఇంకో పుస్తకంలో ఇరవై ఒకటి అనుంది. వాళ్ళ దగ్గర ఇరవై అయినప్పుడు మన దగ్గర ఇరవై ఒకటి వచ్చేసిందని పై బడి సారొకాయన చెప్పినా వినలేదు. తానే గ్లోబు ముందేసుకుని, లాంతరు పెట్టి తిప్పి తిప్పి చూసి, మరునాడు వచ్చి గుర్తు తుడిచారు. మాకప్పుడు పండగే. ఎందుకంటే ప్రశ్నగుర్తు తుడిచిన రోజు ఆయన మొహాన ఒక చిన్న నవ్వు కనబడేది. మామూలు రోజుల్లో ఆ మొహం పోలీసు ఠాణాలా ఉండేది.

"మీ సారు తన నీడను గూడ అడుగుతడు, నా ఎనకెందుకస్తున్నవని," అని మా అమ్మ ఎక్కిరించేది. మా అమ్మకు ఆయన మీద కోపం లేదు. బళ్ళో నా పేరెక్కించిన రోజు ఆయన తనను ఎట్లా నిలదీశారో చెప్పుకుని నవ్వుకునేది, అంతే.

ఆ రోజు అమ్మ బీడీల చాట చంకన పెట్టుకుని, నన్ను రెక్క పట్టుకుని బడికి తీసుకుపోయిందట. పిల్ల ఎప్పుడు పుట్టిందని సారు అడిగారు. పత్తి ఏరేటప్పుడు, అంది అమ్మ. మొదటిసారి ఏరినప్పుడా, రెండోసారా? రెండోసారి. వాన పడ్డదా? లేదు. పున్నమి ముందా, తర్వాతా? కార్తీక పున్నమి వెళ్ళిన రెండు రోజులకు. మంత్రసాని ఎవరు? ఇంతా అడిగి, అమ్మ మాట నమ్మకుండా సాయంత్రం ఆ మంత్రసాని ఇంటికి పోయి విడిగా అదే సంగతి అడిగారట. ఇద్దరి మాటా ఒక్కటే అయింది. దాన్ని తన సొంత నోటుబుక్కులో రాసుకున్నారు.

కానీ అక్కడే చిక్కొచ్చింది. కార్తీకంలో పుట్టిన పిల్లకు జూన్ నాటికి ఐదేళ్ళు నిండవు. నిండకపోతే పేరెక్కదు. అమ్మ తిరిగి వచ్చి ఆయన ముందు నిలబడింది. పెద్దది బడికొస్తుంది, నేను బీడీలు ఇచ్చి రావడానికి పోయినప్పుడు చిన్నది ఇంట్లో ఒక్కతే ఉంటుంది, మొన్న వాడకట్టు వాళ్ళు బాయి గట్టు మీంచి ఎత్తుకొచ్చిండ్రు అని చెప్పిందట. సారు ఒక కన్ను మూసి చాలాసేపు చూశారట. తర్వాత రిజిస్టరు తీసి నా పేరు రాసి, పుట్టిన తారీకు గడిలో ఏప్రిల్ పన్నెండు అని నింపారు.

మా చుట్టుపక్కల ఏ బళ్ళో చూసినా అట్లాంటి పిల్లలంతా జూన్ ఒకటిన పుట్టినవాళ్ళే. సార్లు అందరికీ అదే రాసేవాళ్ళు. మా సారుకు అది నచ్చలేదు. ఇంతమంది ఒకే రోజు పుట్టారంటే ఇన్‌స్పెక్టరుకు అనుమానం వస్తుందని ఆయన అనుమానం. అందుకని తన నోటుబుక్కులోంచి తారీకు వెతికారు. ఆ ఏడు వయసు చాలని పిల్లలం ముగ్గురం ఉన్నాం. నేను, కల్లు గీసే ఇంటి పిల్లవాడొకడు, మగ్గం నేసే సాలోళ్ళ పిల్లవాడొకడు. ఏప్రిల్ పన్నెండున సైన్సు సంగతులు మూడున్నాయి. ముగ్గురికీ తలొకటి సరిపోయిందని ఆయన లెక్క. తెలివి చూడండి. జూన్ ఒకటిని తప్పించి, ఒకే బడిలో ముగ్గురిని ఒకే రోజు పుట్టించారు.

ఏటా ఆ రోజు మా ముగ్గురినీ లేపి నిలబెట్టేవారు. ఒకడు మనిషి అంతరిక్షంలోకి పోయిన సంగతి చెప్పాలి. ఇంకొకడు అంతరిక్ష విమానం సంగతి చెప్పాలి. నాకు టీకా వచ్చింది. ఎంత ఏడ్చానో. వాళ్ళిద్దరూ చేతులు చాపి ఎగురుతుంటే నేను భుజానికి సూది పొడుచుకుని చూపించాలి. నాకూ అంతరిక్షమే కావాలని ఒకసారి అడిగాను. "అందరు పైకి వోతె కింద ఎవలుంటరు?" అని అడిగారు ఆయన.

అంతరిక్షం వచ్చిన ఇద్దరిలో ఒకడు గల్ఫ్‌లో ఉన్నాడు, ఒకడు ముస్తాబాద్ నుంచి సిరిసిల్లకు ఆటో నడుపుతున్నాడు. టీకా వచ్చిన నేను నర్సమ్మనయ్యాను. సిరిసిల్లలో నన్నిచ్చారు. మా ఆయన మరమగ్గాల మీద పని. నేను చాలా ఏళ్ళు కాంట్రాక్టు మీద ఊళ్ళు తిరిగి సూదులు వేశాను, చుక్కలు వేశాను. ఏటా తీసేస్తామంటారు, ఏటా మళ్ళీ రాయించుకుంటారు. రెండేళ్ళ కింద పర్మినెంటు నౌకరికి ఎంపికయ్యాను. మా ఇంట్లో ఎవరికీ అట్లాంటి నౌకరి లేదు. మా ఆయన మగ్గం ఆపి వచ్చి ఊరికే కూర్చున్నాడు ఆ రోజు, ఏం చేయాలో తెలియక.

నేను చదివింది అటే కాబట్టి సర్టిఫికెట్ల తనిఖీ జగిత్యాలలో పెట్టారు. అక్కడ నా కాగితాలు పక్కన పెట్టేశారు. నా పుట్టిన తారీకు మీద అర్జీ వచ్చిందట. అదే బడిలో అదే ఏడు చేరిన ముగ్గురికి ఒకే తారీకు ఉంది, అది సరికాదని. బడి ఎప్పుడో ఎత్తేశారు, పాత రిజిస్టరు చెదలు తిన్నది. అప్పటి హెడ్మాస్టరును పిలిపించి అడుగుతాం, ఆయన తప్పని చెప్తే ఈ ఎంపిక రద్దు అని చెప్పి ఒక నోటీసు నా చేతికిచ్చారు.

అర్జీ ఎవరు పెట్టారో చెప్పలేదు. ఎవరై ఉంటారు? వారం రోజులు నాకు అన్నం సయించలేదు. నా తర్వాత నంబరు వచ్చిన చందుర్తి అమ్మాయి మీద అనుమానపడ్డాను. నాతో పదేళ్ళు కలిసి తిరిగిన మనిషి ఆమె. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా తోటికోడలు మీద అనుమానపడ్డాను. ఆటో నడిపే మావాడు ఎక్కడైనా తాగి వాగాడేమోనని పోయి వాడినీ కడిగేశాను. వాడు బిక్కమొహం వేశాడు. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వినట్టుండేది. సారు చేసేదీ ఇదేగా అనిపించింది ఒకరోజు. అప్పుడే ఆయన దగ్గరికి పోవాలని తోచింది. ఆ తారీకు నిజమేనని ఆయన ఒక్క మాట చెప్తే చాలు.

కోరుట్లలో ఇల్లు కనుక్కుని పోయేసరికి వాకిట్లో కుర్చీలో కూర్చుని ఫోన్లో ఎవరినో దబాయిస్తున్నారు. బ్యాంకు నుంచి అని చెప్పి ఓటీపీ అడిగే మోసగాడు. నీ పేరేంది, మీ నాయిన పేరేంది, మీ బ్యాంకు ముంగట ఏ చెట్టున్నది, ఆ చెట్టు కింద ఎవలు కూసుంటరు అని ఒకటే ప్రశ్నలు. చివరికి వాడే విసిగి పెట్టేశాడు. పెద్దకూతురు ఆయనతోనే ఉంటుంది. "రోజూ గిదే లొల్లి చెల్లె, ఆల్లే ఈయన నంబరు జూస్తె భయపడుతున్నరు," అని నవ్వుతూ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

సారు నా వైపు తిరిగి ఒక కన్ను మూశారు. నేను పేరు చెప్పాను. ఊరు చెప్పాను. ఇంకా చూస్తూనే ఉన్నారు. తర్వాత అన్నారు: "పత్తి రెండోపారి ఏరంగ. కార్తీక పున్నమి ఎల్లిన రెండొద్దులకు. నువ్వేనా?"

ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోటీసు చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన దాన్ని ముందూ వెనకా రెండుసార్లు చదివి, మడిచి, నా చేతిలో పెట్టారు.

"గీ అర్జీ నేనే వెట్టిన," అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు. రిటైరయ్యాక తన నోటుబుక్కులన్నీ మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకుంటున్నారట. బతికుండగానే ప్రశ్నగుర్తులన్నీ తేల్చుకోవాలని. అన్నీ తేలాయి, ఈ ముగ్గురు పిల్లల తారీకు ఒక్కటే తేలలేదట. అది తెలిసి రాసిన అబద్ధం కాబట్టి, సరిచేయండని పై ఆఫీసుకు ఉత్తరం రాసి సంతకం పెట్టి పంపారు. దాని వల్ల ఎవరికో నౌకరి పోతుందని ఆయనకు తట్టనే లేదు. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించిన మనిషి, ఆఫీసును మాత్రం ఎందుకు నమ్మారో నాకు తెలియదు.

"అనుమానం నీ మీద గాదు బిడ్డా, నా మీద," అన్నారు. "నేను రాసిన వాట్ల గదొక్కటే తప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో సారుకు ఎదురు చెప్పనిదాన్ని ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. "మీరు రాసిన తప్పు మీద నేను ముప్పై అయిదేండ్లు బతికిన సారూ. నా పెండ్లి దాని మీదనే, నా చదువు దాని మీదనే. గిప్పుడు మీరు దాన్ని తుడిస్తె మీ బుక్కు సాఫయితది. మరి నేనేం గావాలె?" కూతురు చాయ్ తెచ్చేసరికి నేను చెప్పులేసుకుంటున్నాను. ఆగమన్నా ఆగలేదు. జగిత్యాలకు మీరు రావద్దు, వస్తే నేను బతకను అని గేటు దగ్గర నిలబడి చెప్పి వచ్చేశాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ కుమిలిపోతాను.

పిలిచిన రోజున జగిత్యాల ఆఫీసుకు పోతే, నాకన్నా ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నారు. నన్ను చూసి చూడనట్టే ఉండిపోయారు. ఈ మనిషి నా కొంప ముంచడానికే వచ్చాడనుకున్నాను.

లోపల తనిఖీ చేసే మేడం ఆ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ చూపులో అందరూ దొంగలే. ఈ ఉత్తరం మీరే రాశారా అని అడిగింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూశారు.

"ఏమో మేడం. ఎరుకలేదు," అన్నారు.

సంతకం మీదే కదా అంది ఆవిడ. నా సంతకం లెక్కనే ఉన్నది అన్నారు ఆయన. ఎప్పుడు రాశారు? యాదికి లేదు. ముగ్గురు పిల్లల పేర్లు రాశారు, వాళ్ళెవరు? యాదికి లేదు. మీరు ఏ ఊళ్ళో పనిచేశారు? ఆయన కాసేపు గోడకేసి చూసి, మా ఊరు కాని ఇంకో ఊరి పేరు చెప్పారు. మేడం ఆయననూ నన్నూ మార్చి మార్చి చూసింది. మేమిద్దరం ముందే మాట్లాడుకుని వచ్చామని ఆవిడ అనుమానం. చటుక్కున నా వైపు చెయ్యి చూపి, ఈ అమ్మాయి ఎవరో తెలుసా అని అడిగింది.

సారు నా వైపు తిరిగారు. ఈసారి రెండు కళ్ళూ తెరిచే చూశారు.

"ఎవలమ్మా నువ్వు?" అని నన్నే అడిగారు.

నేను నిజంగానే ఏడ్చాను. అది నటన అనుకోవడానికి మేడంకు వీలు లేకపోయింది. ఆవిడ పెద్దగా నిట్టూర్చి, అర్జీదారు వయోభారం వల్ల జ్ఞాపకశక్తి కోల్పోయినందున సదరు అర్జీని పరిగణనలోకి తీసుకోనవసరం లేదని ఒక కాగితం రాసి, ఆయన ముందు పెట్టింది. ఆయన జేబులో రెండు పెన్నులున్నాయి. వాటిని ముట్టకుండా ఆవిడ పెన్ను అడిగి, చదవకుండా సంతకం పెట్టారు. చదవకుండా ఆయన సంతకం పెట్టడం నేను అదే చూశాను. పదో తరగతి మెమోలో ఉన్న తారీకే ఖాయమని నా కాగితాలు నాకిచ్చేశారు.

బయట మెట్ల దగ్గర ఆయన కాళ్ళు మొక్కబోయాను. వెనక్కి జరిగారు. అటూ ఇటూ చూసి, పెదవులు కదలకుండా, "నాతోని మాట్లాడకు. సూస్తరు," అన్నారు. "ఇంటికి గూడ రాకు." కోరుట్ల బస్సు వస్తే ఎక్కి కిటికీ అవతలి వైపు కూర్చున్నారు.

నేను ఇంటికి పోలేదు. ఆయనే వద్దన్నారు కదా అని చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం. పోతే ఎవరైనా చూసి, మళ్ళీ ఒక అర్జీ పెడతారేమోనని. నౌకరి వచ్చింది, పోస్టింగు వచ్చింది, చందుర్తి అమ్మాయితో మళ్ళీ మాటలు కలిశాయి. సారుకు మతి పోయిందట పాపం అని మా ఊరివాళ్ళు ఎక్కడో కలిసి చెప్తే, అవునట అన్నాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు అన్నాను. అట్లా రెండేళ్ళు గడిచాయి.

దినాలకు పోయాను. భోజనాలయ్యాక పాత సార్లు నలుగురు కుర్చీల్లో కూర్చుని, ఎంత తెలివిగల మనిషికి చివరికి ఎట్లాంటి గతి పట్టిందో అని బాధపడుతున్నారు. నేను అక్కడ ఉండలేక వెనక గచ్చు మీదికి పోయాను. ఆయన పెద్దకూతురు గిన్నెల పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

జగిత్యాల నుంచి వచ్చిన వారం రోజులకు తెలిసిన సారొకాయన ఇంటికి వచ్చి, మీ నాయనకు మతిమరుపని కాగితం మీద రాశారమ్మా అని చెప్పాడట. కరీంనగర్‌లో పెద్ద డాక్టరుకు చూపించిందట. ఇవాళ తారీకు ఎంత అని డాక్టరు అడిగితే, ఆయన తప్పు తారీకు చెప్పారట. అప్పుడే నాకు గుండె జారిపోయింది చెల్లె, అంది. ఎక్కడ ఏం చేసుకుంటాడోనని ఫోన్ తీసుకున్నాను, నోటుబుక్కులు అటక మీద పెట్టాను, బయటికి పోకుండా గేటుకు తాళం వేశాను, అని ఒక్కొక్కటీ చెప్పింది. చెప్పి, నా మొహంలోకి చూసింది.

"ఒక్కోనాడు నాకే అనుమానమయ్యేది. నాయినకు నిజంగనే మతి పోయిందా?"

చెప్పకుండా ఉండొచ్చు. ఇన్నాళ్ళూ ఉన్నాను. చెప్తే ఈమె రేపు పది మందితో అనొచ్చు, అది ఆఫీసు దాకా పోవచ్చు, నా నౌకరి పోవచ్చు. అవన్నీ ఆలోచించాను. ఆలోచించాకే చెప్పాను.

"పోలే అక్కా. నా పుట్టిన తారీకు తప్పని ఆయన రాసిన ఉత్తరమే నిజం. నా నౌకరి వోవద్దని గట్ల జేసిండు."

ఆమె ఏడవనూ లేదు, తిట్టనూ లేదు. లోపల ఎవరో పిలుస్తున్నా లేవలేదు.

"రెండేండ్లు నాయినకు గోలీలేసిన," అంది చివరికి. "పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి. ఏం గోలి అని ఒక్కనాడు గూడ అడగలే."